తొమ్మిదో ప్రాంగణంలో అత్తగారు

ఆ శనివారం ఉదయం ఆ ఇంట్లో ఇద్దరికి రెండు పనులున్నాయి. భార్య కోసం పది గంటలకు కొత్త ఆయా రావాలి. భర్త కోసం పదకొండింటికి తనిఖీ అధికారిణి రావాలి. అయితే ఆవిడ రావలసింది ఇంటికి కాదు, ఊరికి ఆ చివర ఉన్న తొమ్మిదో ప్రాంగణానికి. ఎవరి పని వాళ్ళు చూసుకుంటే సాయంత్రం ఇద్దరూ కలిసి కాఫీ తాగొచ్చని అనుకున్నారు.

భర్త ఒక ప్రైవేటు వ్యాపార విశ్వవిద్యాలయానికి కులపతి. పన్నెండేళ్ళ క్రితం ఈ ఇంటి కారు షెడ్డులోనే దాన్ని మొదలుపెట్టాడు. కారు ఎండలో నిలబడింది, విశ్వవిద్యాలయం నీడపట్టున పెరిగింది. ఖాళీ గది కనబడితే ఆయన మనసు మనసులో ఉండదు. ఒకసారి దూరపు బంధువు పోతే పలకరించడానికి వెళ్ళి, పై అంతస్తు ఖాళీయేనా అని అడిగి వచ్చాడు. అదే ఆరో ప్రాంగణం.

భార్యకు సోమవారం నుంచి బస్టాండులో టిక్కెట్ల కౌంటరులో ఉద్యోగం. కులపతి భార్య టిక్కెట్లు ఇవ్వడమేమిటని భర్త నసిగాడు గానీ ఆమె వినలేదు. పన్నెండేళ్ళుగా ఇల్లు కదలని మనిషికి, ఎక్కడికో ఒకచోటికి వెళ్ళేవాళ్ళ మొహాలు చూసే పని నచ్చింది. అడ్డం ఒక్కటే. అత్తగారు తుంటి ఎముక విరిగి మంచంలో ఉంది. దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. ఇప్పటికి ముగ్గురు ఆయాలు వచ్చారు. మొదటామె నాలుగు రోజులుంది. రెండో ఆమె ఒక పూట ఉంది. మూడో ఆమె చెప్పులు విప్పకుండానే వెళ్ళిపోయింది. ఇవాళ వచ్చే ఆమె కూడా నిలవకపోతే ఇక తమవల్ల కాదని ఏజెన్సీవాళ్ళు తేల్చి చెప్పేశారు.

కులపతి గడ్డం గీసుకుంటుండగా రిజిస్ట్రారు ఫోన్ చేశాడు. రిజిస్ట్రారంటే ఎవరో కాదు, ఆయన బావమరిదే. విశ్వవిద్యాలయం వ్యాను నడిపేది కూడా అతనే.

"బావా, తొమ్మిదోది మునిగిపోయింది."

"మెల్లగా చెప్పు. ఏమైంది?"

"పైన నీళ్ళ ట్యాంకు పగిలింది. బెంచీలు తేలుతున్నాయి. నేను గుమ్మంలో ఉన్నాను, మోకాళ్ళదాకా ఉంది."

కులపతి సగం గడ్డంతో స్టూలు మీద కూర్చున్నాడు. తనిఖీ అధికారిణి వారం రోజులుగా, కులపతికి గానీ రిజిస్ట్రారుకు గానీ కనబడకుండానే, ఎనిమిది ప్రాంగణాలూ చూసింది. ఇది చివరిది. కరపత్రంలో తొమ్మిది అని అచ్చు వేశాక తొమ్మిదీ చూపించాలి. ఒక్కటి తగ్గినా మొత్తానికే గుర్తింపు పోతుంది.

"మీ హాలు పొడవెంత బావా?" అన్నాడు రిజిస్ట్రారు.

ఆ సరికే కులపతి సబ్బు నురగతో హాల్లో నిలబడి అడుగులు వేసి కొలుస్తున్నాడు.

"ఏమండీ, ఇవాళ ఆయా వస్తుందని చెప్పాను కదా," అంది భార్య.

"గంటసేపే. ఆవిడ చూసి వెళ్ళిపోగానే అంతా తీసేస్తాం."

"కారు షెడ్డు కూడా గంటసేపే అన్నారు."

కులపతి మధ్యగదిలోకి వెళ్ళి తల్లి మంచం పక్కన నిలబడ్డాడు. "అమ్మా, ఒక్క గంట గొంతెత్తకుండా ఉండు."

"మీ నాన్న నలభై ఏళ్ళు అడిగాడురా ఆ మాట," అంది ఆమె.

తొమ్మిదిన్నరకల్లా వ్యాను వచ్చింది. అందులో మూడో ప్రాంగణం బెంచీలు, నాలుగో ప్రాంగణం బల్ల, రెండో ప్రాంగణం నుంచి పట్టుకొచ్చిన పదిమంది విద్యార్థులు. రిజిస్ట్రారు అధికారిణికి ఫోన్ చేసి, తొమ్మిదో ప్రాంగణం మరింత సౌకర్యమైన చోటికి మారిందని చెప్పి ఇంటి చిరునామా ఇచ్చాడు. వీధివైపు గోడకు విశ్వవిద్యాలయం బ్యానరు కట్టాడు. సోఫా పెరట్లోకి పోయింది. ఫ్రిజ్ మీద 'పరిశోధనా విభాగం' అని కాగితం అంటించారు. వ్యాను మాత్రం గేటుకు అడ్డంగా ఆగి మళ్ళీ స్టార్టు కాలేదు.

అందువల్ల తనిఖీ అధికారిణి పెరటి దారిన వచ్చింది.

ఆవిడ ఎక్కడికైనా చెప్పిన టైముకన్నా గంట ముందే వెళుతుంది. తానెవరో చెప్పదు. ఏం చేయమంటే అది చేస్తూ, ఏం జరుగుతోందో చూస్తుంది. ఒక కళాశాలలో సగం రోజు ఫీజుల వరసలో నిలబడి, తన వంతు వచ్చాక ఆ కళాశాల మూయించింది. బోలెడు ప్రాంగణాలు తిరిగి కాళ్ళు వాచాయేమో, ఆ రోజు రబ్బరు చెప్పులు వేసుకుంది. చేతిలో గుడ్డసంచి. వీధిలో బ్యానరు చూసింది, గేటు మూసుకుపోయిందని పక్క సందులోంచి వంటింటి తలుపు తట్టింది.

భార్య తలుపు తీసి ఆవిణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. గట్టి మనిషి. ప్రాణం లేచొచ్చింది.

"వచ్చావా అమ్మా. నీకోసమే చూస్తున్నాను. చెప్పులక్కడ విడిచి చేతులు కడుక్కో. మనిషి కొంచెం నోరున్న మనిషి, నువ్వేమీ మనసులో పెట్టుకోకు."

"అలాగే," అంది అధికారిణి. చేతులు కడుక్కుంది.

మధ్యగదిలో మంచం దగ్గర అప్పటికే ఇద్దరు విద్యార్థులున్నారు. మంచినీళ్ళ కోసం లోపలికి వచ్చి అత్తగారి కంటబడ్డారు. ఒకడు దిండు పట్టుకుని ఉన్నాడు, ఒకడు పాదాలు పడుతున్నాడు.

"ఇదా కొత్తది," అంది అత్తగారు. "ఇలా రా. ముందు నన్ను లేపి కూర్చోబెట్టు. చెయ్యి పట్టి లాగకు, నేనేం బక్కెట్టును కాను. భుజం కింద చెయ్యి వెయ్యి. ఆ, అలా. చూశారా అబ్బాయిలూ, మీకెందుకు రాలేదది?"

"చూశామండి," అన్నారు విద్యార్థులు.

"మూతి అలా పెట్టకురా. ఎదుటి మనిషి ఎంత విసుక్కున్నా నీ మొహంలో కనపడకూడదు. మళ్ళీ చెయ్యి."

పాదాలు పడుతున్న విద్యార్థి ఈసారి మొహం మామూలుగా పెట్టుకుని మళ్ళీ చేశాడు. అధికారిణి సంచిలోంచి చిన్న పెన్సిలు తీసి ఏదో రాసుకుని, కూర్చుని రెండో కాలు పట్టసాగింది.

భార్య తలుపు చాటునుంచి చూసింది. పావుగంటైంది, మనిషి పోలేదు. ఆమె వంటింట్లోకి వెళ్ళి సోమవారం బస్టాండుకు తీసుకెళ్ళే సంచిని మొదటిసారి దులిపింది.

సరిగ్గా అప్పుడే వీధివైపు, వ్యానుకూ గోడకూ మధ్య సందులోంచి అసలు ఆయా దూరి వచ్చింది. ఇస్త్రీ బట్టలు, కళ్ళజోడు, చంకలో ఫైలు. అందులో ఇదివరకు పనిచేసిన ఇళ్ళవాళ్ళు మెచ్చుకుంటూ రాసిచ్చిన కాగితాలున్నాయి. కులపతి ఎదురెళ్ళాడు. గడ్డం రెండో సగం గీసుకోవడానికి ఆయనకు ఇంకా తీరలేదు.

"దయచేయండి మేడమ్. మీలాంటివారు రావడం మా అదృష్టం."

ఆయాకు ఇన్నేళ్ళలో ఇలాంటి ఇల్లు తగల్లేదు. హాల్లోకి రాగానే ఎనిమిది మంది కుర్రాళ్ళు లేచి నిలబడ్డారు. ఆమె ఫైలు గట్టిగా పట్టుకుంది.

"మొత్తం ఎంతమందిని చూసుకోవాలండీ?" అని అడిగింది.

"అన్నిచోట్లా కలిపి నాలుగువేల మంది," అన్నాడు కులపతి వినయంగా.

ఆయా బెంచీ మీద కూర్చుంది. "నేనొక్కదాన్నేనా?"

"మిమ్మల్నొక్కరినే పంపారు మేడమ్."

"రాత్రిళ్ళు కూడానా?"

"రాత్రిళ్ళు వార్డెన్లు ఉంటారు. మీరు ఎప్పుడైనా వెళ్ళి చూడొచ్చు."

"ఏజెన్సీవాళ్ళు ఒక్కరే అన్నారు. ఎనభై దాటాయన్నారు."

ఎనభై ప్రాంగణాల ఆలోచన కులపతి ఇంకా బావమరిదికి తప్ప ఎవరికీ చెప్పలేదు. "ఎనభై ఇంకా కాలేదు మేడమ్. ఒక పదేళ్ళు పడుతుంది," అన్నాడు. తర్వాత కాస్త ధైర్యం తెచ్చుకుని, "తమరు ఇదివరకు ఎక్కడెక్కడ చేశారు?" అన్నాడు.

ఆయా ఫైలు తెరిచింది. "నాలుగు చోట్ల చేశానండి. మూడు చోట్ల నేనుండగానే అయిపోయింది. నా తప్పేం లేదు, అప్పటికే చెయ్యిదాటిపోయింది. ఒక్కచోట మాత్రం లేచి తిరిగారు."

రిజిస్ట్రారు కులపతి చెవిలో, "బావా, నాలుగింట్లో మూడు మూతబడ్డాయట," అన్నాడు.

"కాఫీ తీసుకురా," అన్నాడు కులపతి.

"నాకు కాఫీ వద్దండి," అంది ఆయా లేస్తూ. "నాలుగువేల మందిని నేను చూడలేను. వేరే ఎవరినైనా పెట్టుకోండి. నేను వెళ్తాను."

ఈలోగా కుర్రాళ్ళు బల్లను వీధిగుమ్మానికి అడ్డంగా జరిపారు. ఆమె పెరటిదారి వెతుక్కుంటూ మధ్యగదిలోకి నడిచింది. వెనకే కులపతి, ఆయన వెనక రిజిస్ట్రారు, ఏం జరుగుతుందో చూద్దామని ఎనిమిది మంది విద్యార్థులు.

"మేడమ్, ఒక్కమాట. కావాలంటే నాలుగువేలు కాస్త తగ్గిస్తాం," అంటున్నాడు కులపతి.

మధ్యగదిలో తల్లి కాళ్ళు పడుతూ ఎవరో కొత్తావిడ కులపతికి కనిపించింది. వంటింట్లోంచి భార్య వచ్చింది.

"ఏమండీ, కొత్త ఆయా. దేవతలా వచ్చింది."

"మరి నేనెవరిని?" అంది ఫైలు పట్టుకున్న ఆయా. "ఏజెన్సీ పంపింది నన్ను."

అధికారిణి తువ్వాలుతో చేతులు తుడుచుకుని, గుడ్డసంచిలోంచి గుర్తింపు కార్డు తీసి మంచం మీద పెట్టింది. కులపతి చదివాడు. రిజిస్ట్రారు చదివాడు. భార్య చదివింది. చదివాక అసలు ఆయా వైపు చూసింది. ఆమె అప్పటికే పెరటి గుమ్మంలో చెప్పుల్లో కాళ్ళు పెడుతోంది. నాలుగో ఆయా. భార్య చేతిలోని సంచి మెల్లగా కుర్చీ మీద పెట్టేసింది.

"ఆపావేం? ఎడమకాలు కాలేదు," అంది అత్తగారు.

"అమ్మా," అన్నాడు కులపతి.

"ఉండనివ్వండి," అంది అధికారిణి. "వారం రోజులుగా మీవి ఎనిమిది ప్రాంగణాలు చూశాను. అన్నిచోట్లా కుర్చీలున్నాయి, తెరలున్నాయి, గోడల మీద మీ ఫోటోలున్నాయి. ఒక్కచోట కూడా ఒక్క పిల్లవాడు ఒక్క పని చేస్తుండగా చూడలేదు. అన్నిటికీ గుర్తింపు తీసెయ్యాలనే అనుకుని వచ్చాను."

కులపతి తల వంచుకున్నాడు.

"ఇక్కడ చూశాను. విసుక్కునే మనిషితో ఎలా మసలుకోవాలో, చెప్పింది ఎలా వినాలో, మొహం ఎలా పెట్టుకోవాలో చేయించి నేర్పుతున్నారు. వ్యాపారమంటే అదే కదా. ఈ ప్రాంగణం ఉంటే మిగతావి ఉండొచ్చు. కాని ఈ పాఠం అన్ని ప్రాంగణాల పిల్లలకీ పెట్టాలి. ఉదయం ఇద్దరు, సాయంత్రం ఇద్దరు, రోజూ ఇక్కడికే రావాలి. ఈవిడే నేర్పాలి, ఈవిడే మార్కులు వెయ్యాలి. హాజరు మీరు స్వయంగా కూర్చుని వెయ్యాలి. నేను చెప్పకుండా వచ్చి చూస్తాను."

"కాని మేడమ్, ఇది..." అన్నాడు కులపతి.

ఇది మా ఇల్లు అనాలి. అంటే తొమ్మిదో ప్రాంగణం లేనట్టే. తొమ్మిదోది లేకపోతే ఎనిమిదీ లేనట్టే. ఆయన నోరు తెరిచి, భార్యను చూశాడు.

"చెప్పండి. ఇది ఏమిటి?" అంది భార్య.

"ఇది మా అభిమాన ప్రాంగణం," అన్నాడు కులపతి.

"రోజూ వస్తారా అండీ పిల్లలు? ఆదివారాలు కూడానా?" అని భార్య అధికారిణిని అడిగింది.

"పెద్దావిడకి ఆదివారం సెలవుందా?"

"ఎప్పుడూ లేదు," అంది భార్య. కుర్చీ మీది సంచి తీసి మళ్ళీ భుజాన వేసుకుంది.

పెరటి గుమ్మంలో ఆయా ఒక చెప్పు విప్పింది. "ఒక పెద్దావిడా, నలుగురు పిల్లలూ అయితే నాకు అభ్యంతరం లేదండి," అంది. ఆవిణ్ణి ప్రయోగశాల పర్యవేక్షకురాలిగా వేసుకున్నారు.

సోమవారం ఉదయం భార్య మొదటి టిక్కెట్టు ఇచ్చే వేళకి, కులపతి మధ్యగది గుమ్మంలో స్టూలు వేసుకుని హాజరు వేస్తున్నాడు. సోఫా ఇప్పటికీ పెరట్లోనే ఉంది. తర్వాత వచ్చిన కొత్త కరపత్రంలో అత్తగారి ఫోటో మొదటి పేజీలో వేశారు. ఆ పాఠం కోసమే చేరేవాళ్ళు ఎక్కువయ్యారని రిజిస్ట్రారు చెప్పాడు. పదో ప్రాంగణానికి గది చూశానని కూడా అన్నాడు గానీ, బావ స్టూలు వదిలి వెళ్ళడానికి వీల్లేకపోయింది.

మొదటి పరీక్షలో అత్తగారు ముగ్గురిని ఫెయిల్ చేసింది. ఒకడు మళ్ళీ దిద్దమని దరఖాస్తు పెట్టుకుంటే, మళ్ళీ కాళ్ళు పట్టించుకుని, మళ్ళీ ఫెయిల్ చేసింది.