యాభై రెండు కిలోల ఆవిడ

ఆ ఉదయం వాచీలాయన పెట్టుకున్న పని చాలా చిన్నది. పదింటి బస్సుకు పడవల కార్ఖానాకు వెళ్లాలి, ఒక మాస్టు ఎంచుకోవాలి, మధ్యాహ్నానికల్లా వచ్చి వాచీల దుకాణం తెరవాలి. బయలుదేరబోతూ బెల్టు బిగిస్తే చివరి కన్నానికి కూడా ప్యాంటు నిలవలేదు. సన్న ఊచ తీసి ఇంకో కన్నం పొడిచాడు. ఇది మూడోది. ఈ మధ్య బెల్టులు నాసిరకం వస్తున్నాయని, ఊరికే సాగిపోతున్నాయని ఆయన గట్టి నమ్మకం.

మాస్టు అంటే తెరచాపను నిలబెట్టే స్తంభం. ఆయనా, ఆయన భార్యా ఇరవై రెండేళ్లు పందేల్లో నడిపిన ఇద్దరు పట్టే చిన్న పడవకు అది మొన్నటి గాలివానలో రెండు ముక్కలైంది. భార్య పోయి ఎనిమిది నెలలు. ఏడాది తొలి పందెం పూర్తిచేయని పడవకు క్లబ్బు షెడ్డులో చోటివ్వరు. చోటు పోతే ఇక అమ్ముకోవడమే. కంటి ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న కూతురు కూడా అమ్మేయమనే అంటోంది, ఆ పడవను చూస్తే తనకు తల్లి గుర్తొస్తోందట. పడవ పోతే భార్య రెండోసారి పోయినట్టే అని ఆయన బాధ. పందెంలో పక్కన ఎవరుంటారన్నది మాత్రం ఆయన ఆలోచించలేదు. ముందు మాస్టు సంగతి చూద్దామనుకున్నాడు.

కార్ఖానా మేస్త్రి మూడు అల్యూమినియం మాస్టులను బల్లల మీద అడ్డంగా పడుకోబెట్టాడు. ఒక్కోదాని నడుముకు ఇసుక సంచి వేలాడదీసి ఎంత వంగుతోందో కొలిచి చూపించాడు. నడిపేవాళ్లు తేలికైతే మాస్టు మెత్తగా వంగాలట, లేకపోతే గాలికి పడవ తిరగబడుతుంది. బరువైనవాళ్లకు గట్టిది కావాలట, లేకపోతే ఊపంతా ఆ వంపులోనే పోయి పడవ కదలదు.

"మీరెంత ఉంటారు?"

"అరవై ఆరు."

"మీతో నడిపేవాళ్లు?"

"ఆవిడ యాభై రెండు."

ఇరవై రెండేళ్లుగా ప్రతి ఫారంలోనూ రాసిన అంకె, నోరు దానంతటదే చెప్పేసింది. దిద్దుకోవాలంటే ఆవిడ లేదని చెప్పాలి. ఆ మాట ఇప్పటికే చాలామందికి చెప్పి అలిసిపోయాడు. పైగా లోకంలో ఒక్క మనిషైనా ఆవిడ బతికే ఉందనుకుంటున్నాడంటే ప్రాణానికి హాయిగా ఉంది. ఆయన ఆ అంకె దిద్దలేదు. మేస్త్రి మొత్తం నూట పద్దెనిమిది అని రాసుకుని, మెత్తని మాస్టు పక్కకు తీసి, కొలతకు కోసేశాడు.

మర్నాడు మేస్త్రి వాచీలాయన ఇంటికి ఫోను చేశాడు. పందెంలో ఒకరు పడవ అంచున తీగకు వేలాడుతూ బరువు ఆనిస్తారు. ఆ తీగను మనిషి ఎత్తును బట్టి బిగించాలి. ఆయన దుకాణంలో ఉన్నాడు, ఫోను కూతురు తీసింది.

"మీ నాన్నగారితో పడవ నడిపే ఆవిడ ఎంత ఎత్తుంటారమ్మా? యాభై రెండు కిలోలని చెప్పారు గానీ, ఎత్తు చెప్పలేదు."

కనుక్కుని చెప్తానని ఫోను పెట్టేసి, కూతురు వంటింట్లో కుళాయి తిప్పి కాసేపు ఏడ్చింది. తర్వాత మేనత్తకు ఫోను చేసింది.

"నాన్నకెవరో దొరికినట్టున్నారు అత్తయ్యా. పోనీలే, ఆయన సంతోషంగా ఉంటే చాలు."

మేనత్త రెండో ముక్క వినిపించుకోలేదు. సాయంత్రానికల్లా ఒక పెట్టె, ఒక తినుబండారాల డబ్బాతో దిగిపోయింది. అన్నగారిని అడిగితే దాచేస్తాడు కాబట్టి ఆవిడ సొంతంగా ఆరా మొదలుపెట్టింది. వీధిలో ఆడవాళ్లు ఎదురైతే చాలు, ఎగాదిగా చూసి బరువు కట్టేది. పాలావిడ డెబ్భై, లాభం లేదు. మేడ మీద టీచరమ్మ నలభై ఐదు, గాలికి ఎగిరిపోతుంది. చివరికి వీధి మొగలో టైలరమ్మను కబుర్లలో పెట్టి మందుల షాపు తూకమెక్కించింది. ముల్లు సరిగ్గా యాభై రెండు దగ్గర ఆగింది. పైగా అలారం గడియారం బాగుచేయించుకునే వంకతో టైలరమ్మ వారంలో మూడుసార్లు దుకాణానికి వెళ్లిందట. మేనత్తకు ఇంకేం కావాలి?

ఇంట్లో అందరూ ఉన్నట్టుండి మెత్తగా మాట్లాడుతుంటే వాచీలాయనకు వింతగా ఉంది. కూతురు కొత్త చొక్కా కొనిచ్చి, "బాగున్నావు నాన్నా" అని గబగబా లోపలికి వెళ్లిపోయింది. పడవ ఉంచుకోవడానికి కూతురు ఒప్పుకుందన్నమాట అనుకుని ఆయన చాలా రోజుల తర్వాత ఈల వేశాడు. ఆ ఈల విని లోపల ఇద్దరికీ మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది.

పందెం రోజు పొద్దున్నే మేస్త్రి మాస్టుతో క్లబ్బుకు వచ్చాడు. గడియారం అక్కడే ఇప్పిస్తానని చెప్పి మేనత్త టైలరమ్మను వెంటబెట్టుకొచ్చింది. మేస్త్రి మాస్టు నిలబెట్టి, తీగ చేత్తో పట్టుకుని చుట్టూ చూశాడు.

"ఆవిడ రాలేదా?"

కూతురు తండ్రి దగ్గరికి వచ్చింది. "చెప్పు నాన్నా, ఎవరావిడ? మేమేమీ అనుకోం."

"ఎవరు?"

"యాభై రెండు కిలోల ఆవిడ."

వాచీలాయన మాస్టు మీద చెయ్యి వేశాడు. "మీ అమ్మ" అన్నాడు.

మేనత్త పైటతో కళ్లొత్తుకుంది. ఇక్కడ గడియారం ఏదీ లేదని అర్థమై టైలరమ్మ చల్లగా జారుకుంది. మేస్త్రి తనకు తెలిస్తే కోసేవాణ్ని కాదన్నాడు. కోసిన మాస్టు వెనక్కి తీసుకోవడం కుదరదు, నూట పద్దెనిమిది దాటితే అది పనికిరాదు. నేనెక్కుతానని మేనత్త ముందుకొచ్చింది గానీ, ఆవిడకైతే మాస్టు కాదు దూలం కావాలని మేస్త్రి అన్నాడు.

చిన్నప్పుడు తల్లి దగ్గర తీగకు వేలాడటం నేర్చుకున్న కూతురు చెప్పులు విడిచి, తెరచాపలు తూచే కాటా ఎక్కింది. అరవై ఒకటి. తొమ్మిది కిలోలు ఎక్కువ. పడవ పోయినట్టేనని వాచీలాయన తల దించుకున్నాడు.

కూతురి చూపు ఆయన బెల్టు మీద పడింది. సొంతంగా పొడిచిన మూడు కన్నాలు, అవతల నాలుక చాచినట్టు వేలాడుతున్న కొస.

"నువ్వూ ఎక్కు నాన్నా."

"నాది అరవై ఆరేనే."

"ఎక్కు."

కాటా యాభై ఏడు చూపించింది. రోజూ రోగులను తూచే పిల్ల, ఇంట్లో మనిషి తొమ్మిది కిలోలు కరిగిపోతుంటే చూసుకోలేదు. ఆయన భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. మేస్త్రి మాత్రం వేళ్ల మీద రెండుసార్లు కూడి, నూట పద్దెనిమిది అన్నాడు.

ఏడు పడవల్లో వాళ్లది ఆరోదిగా వచ్చింది. మాస్టు ఎంత వంగాలో అంతే వంగింది, షెడ్డులో చోటు నిలిచింది. పై పందెం దాకా తండ్రీకూతుళ్లు అర కిలో కూడా పెరగకూడదని మేస్త్రి మరీ మరీ చెప్పి వెళ్లాడు.

అన్నగారికి కాస్త ఒళ్లు చేయించాలని తెచ్చిన తినుబండారాల డబ్బా మేనత్త ఆ సాయంత్రం బస్సులో తనే ఖాళీ చేసింది.