ట్యాంకు గీత

ఆదివారం పొద్దున మొయిన్ భాయ్ లెక్క తేలికగానే ఉంది. మధ్యాహ్నం కూతురు యుస్రా మంగ్నీ, అంటే నిశ్చితార్థం. పెళ్లికొడుకు తరఫు వాళ్లు భోజనానికి వస్తారు. ఆ రోజు నల్లా రాదు. మేడ మీది ట్యాంకు నీళ్లే దిక్కు. పురానాపూల్ దగ్గరి ఆ ఇంట్లో అయిదు కాపురాలూ జాగ్రత్తగా వాడుకుంటే చాలు.

జాగ్రత్త కోసం పై వాటాలో ఉండే వీణను పట్టుకున్నాడు. ఆ పిల్ల కంప్యూటర్ చదువుతోంది. నీటి మట్టం కొలిచే పరికరం ట్యాంకులో వేలాడదీసి, వెబ్‌పేజీలో గీతగా కనపడేట్టు చేసింది. గీత నడుస్తూనే ఉంటుంది. కొత్త కొలత కుడివైపు పుడుతుంది, పాతది ఎడమవైపు జరిగిపోతుంది. మొయిన్ భాయ్ ఆ పేజీని అందరి ఫోన్లకూ పంపించాడు.

"గీత చూసుకుంట వాడుకోండ్రి. లొల్లి ఉండది" అన్నాడు.

కింది వాటా కృష్ణమ్మ చెంబెడు నీళ్లతో మొహం కడుక్కుని ఫోన్ చూసింది. గీత గుట్ట మీంచి దూకినట్టు నిలువునా కిందికి పడింది.

పాపం, వీణ గీతను తెర నిండా కనపడేట్టు సర్దింది. అడుగున సున్నా పెట్టడం మరిచిపోయింది. దాంతో ఎంత చిన్న తేడా వచ్చినా పేజీ దాన్నే పైనుంచి కిందిదాకా సాగదీసేది. చెంబెడు తగ్గితే చెరువు ఎండినట్టు.

"ఓ సురయ్యాబీ! నీళ్లు అయిపోతున్నయ్!" అని కృష్ణమ్మ కేకేసి, నల్లా కింద బకెట్టు పెట్టింది. గీత ఇంకా పడింది. మొయిన్ భాయ్ భార్య సురయ్యా దేగ్చీ పెట్టింది. మిగతా వాటాల వాళ్లు తొట్లు, బిందెలు, కుక్కర్లు పెట్టారు. ఎంత పడితే అంత గీత దిగింది. ఎంత దిగితే అంత పట్టారు. కృష్ణమ్మ పచ్చడి జాడీ కూడా కడిగి నింపింది.

మొయిన్ భాయ్ మేడెక్కి ట్యాంకుకు వీపు ఆనించి, ఫోన్ చూస్తూ నిలబడ్డాడు.

"ఏడనో పైపు పగిలింది!"

వీణ పరుగెత్తుకొచ్చింది. "భాయ్, మూత తీసి చూసిన్రా?"

"మూతెందుకు బేటా? ఫోన్ల కనబడ్తలేదా?"

వీణే మూత తీసింది. అడుగు కనపడింది.

"భాయ్, తప్పు నాదే. అడుగున సున్నా పెట్టలే. పొద్దుగాల ట్యాంకు నిండ ఉండె."

"మరి గిప్పుడు నీళ్లు ఏడికి వోయినయ్?"

మెట్ల మీదున్న అయిదు కాపురాల వాళ్లూ ఎవరి గుమ్మం వైపు వాళ్లు చూసుకున్నారు.

"మెహమాన్లు గల్లీలకు వచ్చిన్రు!" అని సురయ్యా తల పట్టుకుంది. "నల్లా తిప్పితే గాలి వస్తది. చేతులు ఎట్ల కడుగుతరు? ఇజ్జత్ పోతది!"

"నువ్వు ఫికర్ చెయ్యకు" అంది కృష్ణమ్మ. ఇంట్లోకెళ్లి జాడీ ఎత్తి నడుమున పెట్టుకుంది. "అందరు రాండ్రి. నీళ్లు మన దగ్గరనే ఉన్నయ్ కద."

పెళ్లికొడుకు తండ్రి ముష్తాక్ సాబ్ లోపలికి రాగానే గుమ్మానికి రెండు వైపులా జనం. ఒకరి చేతిలో చెంబు, ఒకరి చేతిలో కుక్కరు, కింద తొట్టి. ఇంటింటి వాళ్లూ వంగి ఆయన చేతుల మీద నీళ్లు పోశారు. తువ్వాలు వీణ అందించింది.

ముష్తాక్ సాబ్ కళ్లు చెమ్మగిల్లాయి. "మా దాదా జమానాల గిట్ల చేతుల కింద చిలంచీ గిన్నె పట్టి, నీళ్లు పోసి కడిగించేటోళ్లు. గిప్పుడెవరు చేస్తున్నరు? ఇసొంటి ఖాందాన్ మస్తు తక్కువ." యుస్రాకు తొడిగే ఉంగరం బయటికి తీయమని అక్కడే కొడుక్కు చెప్పాడు. అందరికన్నా చివర జాడీతో పోసింది కృష్ణమ్మ. ఆ నీళ్లలో కొంచెం ఆవ వాసన వచ్చింది. ఆయన అది అత్తరేమో అనుకున్నాడు.

సాయంత్రం వీణ గీత అడుగున సున్నా పెట్టింది. గీత పోయి సున్నా మీద తిన్నగా పడుకుంది, ఎవరూ కంగారు పడలేదు.