ఇంటర్వెల్ దాకా కథ

ఒక పెద్ద అడవిలో కోతి నుంచి కొండచిలువ దాకా అందరికీ సినిమా పిచ్చే. వకుళ అనే ఉడుతకి మాత్రం చూస్తే సరిపోదు. తెర మీద ‘కథ: వకుళ’ అని ఒక్కసారి పడాలి. అందుకోసం ఏడేళ్ళుగా దర్శకుడు నక్క ఆఫీసు మెట్లు ఎక్కి దిగుతోంది.

ఆ అడవిలో ఎవరూ కథ చదవరు. చెప్పించుకుని వింటారు. వకుళ తోక నిక్కబొడుచుకుని మొదలుపెట్టేది. వరద ముంచెత్తేది, ఏనుగులు పరుగులు తీసేవి, హీరోయిన్ ఉడుత నోట్లో తాడుతో కొండ అంచున నిలబడేది. సరిగ్గా అక్కడ, ఇంటర్వెల్ దగ్గర, బిర్యానీ వచ్చేది.

"అదిరిందమ్మాయ్! మిగతాది రేపు. ఈలోగా ఆ ప్లేట్లు కాస్త అందుకో," అనేవాడు నక్క.

"సార్, అసలు కథ ఇప్పుడే సార్..."

"సెకండాఫ్‌లో ఏముంటుందమ్మా? హీరో వచ్చి కాపాడతాడు."

"ఏ రంగు కోటులో వస్తాను?" అనేవాడు హీరో నెమలి.

రేపటికి నక్క అంతా మరిచిపోయేవాడు. మళ్ళీ మొదటి నుంచి వరద. మళ్ళీ బిర్యానీ.

ఎనిమిదో ఏడు అడవంతా పోస్టర్లు వెలిశాయి. ‘కథ, మాటలు, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం: నక్క.’

వకుళ ఏడవడానికే మొదటి ఆటకి వెళ్ళింది. తెర మీద తన వరదే, తన ఏనుగులే. ఇంటర్వెల్ దాకా ఒకటే ఈలలు. తర్వాత నెమలి వచ్చాడు. పురి విప్పాడు. పాట. పురి ముడిచాడు. ఇంకో పాట.

"ఒరేయ్, ఆ తాడేమైందిరా?" అని అరిచింది ఓ అడవిపంది. హాలంతా అందుకుంది. "తాడేదీ? తాడేదీ?" వకుళకి నవ్వాగక కుర్చీలోంచి జారిపోయింది.

నక్క ఒక్క గెంతులో తెర ముందుకొచ్చాడు. "ఇది మొదటి భాగమే! తాడు రెండో భాగంలో!"

తెల్లారేసరికి నక్క వకుళ చెట్టు కింద ఉన్నాడు. "వకుళగారూ! ఆ తాడు సంగతి కాస్త..."

"నా పేరు?"

"వేస్తామండీ. చివర్లో, చిన్న అక్షరాల్లో."

"అయితే తాడు సంగతి నేనూ చివర్లోనే చెబుతాను, చిన్న గొంతుతో."

మధ్యాహ్నానికి ‘కథ: వకుళ’ అని ఏనుగంత పోస్టరు లేచింది. అప్పుడు వకుళ తోక నిక్కబొడుచుకుని మొదలుపెట్టింది. బిర్యానీ వచ్చింది.

"సార్," అంది వకుళ, కథ ఆపకుండానే, "ఆ ప్లేట్లు కాస్త అందుకోండి."

నీతి: ఆడది కథ చెబుతుంటే చివరిదాకా వినండి, దొంగిలించడానికైనా పనికొస్తుంది.