చప్పట్లు లేని జట్టు

పనివాళ్లను పొగడటం ఉత్పత్తికి హానికరం. ఇది ఊరికే నోటికొచ్చి అన్న మాట కాదు. తిరువూరులో మామిడికాయల ప్యాకింగ్ షెడ్డు నడిపే హర్షవర్ధన్ గారు నెలరోజులు లెక్కలు కట్టి, గ్రాఫు గీసి, దానికి రంగులు కూడా వేసి నిరూపించిన సత్యం. కాదనడానికి మనమెవరం?

నిజానికి ఆయన నిరూపించాలనుకున్నది సరిగ్గా దీనికి వ్యతిరేకం. విజయవాడలో ఏదో మేనేజ్‌మెంట్ సెమినార్‌కు వెళ్లి, మధ్యాహ్నం భోజనం బాగుండటంతో సాయంత్రం దాకా కూర్చున్నారు. పనిచేసేవాళ్లను గుర్తించి మెచ్చుకుంటే పని పెరుగుతుందని అక్కడ చెప్పారు. ఇంకొకరైతే మర్నాడు నలుగురిని మెచ్చుకుని ఊరుకునేవారు. హర్షవర్ధన్ డిగ్రీలో స్టాటిస్టిక్స్ రెండుసార్లు తప్పిన మనిషి. ఆ సబ్జెక్టు మీద ఆయనకు పాత కక్ష ఉంది.

అన్న కూతురు నీహారిక ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతోంది. ఆమె ఫోన్లో చెప్పిన ప్రకారం, కాయలు ఏరి ట్రేలకెత్తే ఇరవైమంది ఆడవాళ్ల పేర్లూ చీటీల మీద రాసి, తీసి, రెండు జట్లు చేశారు. మొదటి జట్టుకు రోజూ మెప్పు. రెండో జట్టుకు ఏమీ లేదు. ఎందుకో ఎవరికీ చెప్పకూడదు, చెబితే ఫలితం పాడవుతుంది.

రోజూ నాలుగింటికి మేస్త్రీ కాలేషా మైకు పట్టుకుని మొదటి జట్టులో ఒకరి పేరు పిలిచేవాడు. చప్పట్లు, ఫొటో, సర్టిఫికెట్. వారం తిరిగేసరికి ఆ జట్టువాళ్లు మూడున్నరకే చేతులు కడుక్కుని, జడలు సవరించుకుని, ఫొటోకి సిద్ధమైపోవడం మొదలైంది.

ఇక రెండో జట్టు విషయంలో హర్షవర్ధన్ పడ్డ కష్టం ఇంతా అంతా కాదు. స్వతహాగా మాటకారి. ఎదురుపడితే అన్నం తిన్నారా అని అడగకుండా ఉండలేరు. కానీ శాస్త్రం పాడైపోవడానికి ఆ ఒక్క పలకరింపు చాలదూ? అందుకని ముఖం తిప్పుకునేవారు. పదకొండేళ్లుగా షెడ్డులో పనిచేస్తున్న రూత్, కూతురికి నర్సింగులో సీటొచ్చిందని చెప్పబోతే, మోగని ఫోను చెవిన పెట్టుకుని లారీ వెనక్కి వెళ్లిపోయారు. శాస్త్రవేత్తల త్యాగాలు ఇలాగే ఉంటాయి.

నెల తిరిగింది. మొదటి జట్టులో మనిషికి రోజుకు నలభై ట్రేలు కాస్తా ముప్పై ఎనిమిదికి దిగాయి. రెండో జట్టులో అదే నలభై, యాభై రెండుకు ఎక్కింది. లెక్క చూసిన నీహారిక, ఇది ఊరికే వచ్చిన తేడా కాదని తేల్చింది. హర్షవర్ధన్ ఆ పూటే వ్యాపారుల సంఘానికి కబురు పెట్టారు. వాళ్లు ఆదివారం సన్మానం ఖాయం చేశారు.

"తేడా ఉందని అంకె చెప్తుంది బాబాయ్. ఎందుకుందో చెప్పదు. వాళ్లనే అడుగు" అంది నీహారిక.

అడగడం అనే పద్ధతి ఒకటుందని ఆయనకు అప్పటిదాకా తట్టలేదు. రూత్‌ను పిలిచి, ఇంత పని ఎలా చేశారని అడిగారు. 

"మీరు మాట మానేశారు కదండి. మా పదిమందినీ తీసేస్తారనుకున్నాం. జొరమొచ్చినా ఎవరం మానలేదు. పుష్పలతకి సొన పడి చేతులు పుండ్లయితే గుడ్డ చుట్టుకుని చేసింది. ఎవర్ని ఉంచుతారో చెప్పండి. మిగతావాళ్లం ఎ.కొండూరులో పని చూసుకుంటాం."

 హర్షవర్ధన్ వెంటనే ఇరవైమందినీ కూర్చోబెట్టి, చీటీల సంగతంతా చెప్పి, ఎవరినీ తీయడం లేదని, తప్పయిపోయిందని అన్నారు.  పుష్పలత గుడ్డ విప్పి చెయ్యి చూసుకుంది.

ఆదివారం శాలువా కప్పగానే ఆయన మైకు ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశారు. తాను కనిపెట్టిందేమీ లేదని, పదిమంది ఆడవాళ్లను తెలియక నెలరోజులు భయపెట్టానని, వాళ్లు ఒళ్లు హూనం చేసుకున్నారని, తనను సన్మానించడం కాదు, తిట్టాలని అన్నారు.  హాలంతా చప్పట్లే చప్పట్లు. ఆయన కళ్లు చెమర్చాయి. తోటి వ్యాపారుల్లో ఇంత మనసుందని తెలియనందుకు తనను తానే తిట్టుకున్నారు.

మెట్లు దిగుతుంటే ముగ్గురు షెడ్డు ఓనర్లు చుట్టుముట్టారు. అందులో పెద్దాయన, రెడ్డిగూడెంలో రెండు షెడ్లున్న అంకారావు గారు, భుజం మీద చెయ్యేసి, గొంతు తగ్గించి అడిగారు.

"అదంతా సరేగానీ హర్షా, పలకరించడం మానేశాక ఎన్నో రోజు నుంచి పెరిగాయి ట్రేలు?"