నాచు వాదన కూడా వినాలి

సముద్రాన్ని చూసి ఇంటికొచ్చే భర్తలు కొందరు, సముద్రాన్నే ఇంటికి తెచ్చుకునే భర్తలు కొందరు. ఈ రెండోరకం వారిని పెళ్లికి ముందే గుర్తించి వధువులకు లిఖితపూర్వకంగా తెలియజేయడం పురపాలక సంఘం బాధ్యత అని ఆఫ్కె నమ్మకం.

హార్లింగన్ అనే ఆ డచ్చి రేవు ఊళ్లో కట్ట ఎక్కితే చాలు, కావలసినంత సముద్రం. (దాని అద్దాలు ఎవరూ తుడవనక్కర్లేదు.) అయినా ఆమె భర్త డౌవె ముందుగదిలో ఉప్పునీటి అక్వేరియం పెట్టాడు. అదీ వీధివైపు పెద్ద కిటికీలో, సరిగ్గా ఆఫ్కె వాలుకుర్చీ ఉండేచోట. ఆ కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూ, పోయేవాళ్లకి చెయ్యూపుతూ ఆవిడ సగం ఊరిని పాలించేది. ఇప్పుడా సింహాసనం మెట్ల కింద, వానకోట్ల మధ్య ఉంది.

"నా చోటు నాకెప్పుడిస్తావ్?"

"కిటికీలో కాకపోతే ఇంకెక్కడ పెడతారే? దారినపోయేవాళ్లు చూడొద్దూ!"

చూశారు. ముందు రాళ్లమీద గోధుమరంగు బూజులాంటిది పరుచుకుంది. తర్వాత పచ్చటి జుట్టులాంటి నాచు మొలిచింది. ఇంకా చేపలు రాలేదు, రెండు నత్తలున్నాయి. అవీ క్రమంగా కనబడటం మానేశాయి. "పాలకూర బాగా వచ్చిందండీ!" అని ఎవరో సైకిల్ మీంచి అరిచి వెళ్లారు.

"ఎండ తిన్నగా పడుతోంది. తెర వెయ్యి," అంది ఆఫ్కె.

ఇంటికి నిప్పుపెట్టమన్నట్టు చూశాడు డౌవె. ఆ వీధిలో పగలు తెర వేశారంటే ఇంట్లో ఒకరు పోయి ఉండాలి, లేదా ఒకరు వదిలేసి వెళ్లిపోయి ఉండాలి. ఇంకో కారణం ఆ వీధికి తెలీదు.

అందుకని అతడు ఊళ్లో అక్వేరియంలు పెట్టుకున్నవాళ్ల సంఘం, ఉప్పునీటి మిత్రమండలిని ఆశ్రయించాడు. అందరూ ఒప్పుకుంటే తప్ప ఏ నిర్ణయమూ తీసుకోకపోవడం ఆ మండలి నియమం. (స్థాపించిన నాటినుంచి ఏ నిర్ణయమూ తీసుకోలేదు.) సభ్యులొచ్చారు. తలా ఒక బిస్కెట్టు తీసుకున్నాక ఆఫ్కె డబ్బా మూత పెట్టింది. అధ్యక్షుడు హార్మెన్ గొంతు సవరించుకున్నాడు.

"నాచుని పీకెయ్యడం ఎంతసేపు? కానీ దాని వాదన కూడా వినాలి కదా!"

సంబంధిత పక్షాలను గుర్తించారు: డౌవె, నత్తలు, నాచు. నత్తలు మాట్లాడలేదు కాబట్టి గడువు కోరినట్టు భావించారు. నాచు సమావేశం సాగుతుండగానే పెరుగుతోంది కాబట్టి దాని చురుకైన భాగస్వామ్యాన్ని అభినందించారు. ఆఫ్కెను కాఫీ ఏర్పాట్ల కింద నమోదు చేశారు.

"హార్మెన్ గారూ, అదంతా ఎండ వల్లండీ."

"ఎండ మన పరిధిలోకి రాదమ్మా. ఆ డబ్బా ఒకసారి ఇలా..."

"ఆ డబ్బా కూడా మీ పరిధిలోకి రాదండీ."

మర్నాడు పొద్దున ఆఫ్కె తెర వేసింది. చేత్తోనే, ఏ తీర్మానమూ లేకుండా.

మధ్యాహ్నం కాకముందే పక్కింటి సీత్స్కె గిన్నెడు బఠాణీ సూప్‌తో వచ్చి ఆవిడని కావలించుకుంది. "అయ్యో తల్లీ, ఎప్పుడు పోయాడు?"

"నేనిక్కడే ఉన్నాను సీత్స్కె," అన్నాడు డౌవె వెనకనుంచి.

సీత్స్కె అతణ్ణి ఎగాదిగా చూసింది. "ఓహో, అయితే ఎవత్తో ఉందన్నమాట!"

అతనికి సూప్ ఇవ్వలేదు.

పోస్టుమాన్ గొంతు తగ్గించాడు. పాస్టర్ ఊరికే ఇటు వచ్చానంటూ వచ్చి చాలాసేపు కూర్చున్నాడు. తెర వెనక నాచు పాలిపోయి రాలింది, నీళ్లు తేటపడ్డాయి, నత్తలు బయటికొచ్చాయి. చూడటానికి వీధిలోంచి ఎవరికీ వీల్లేదు.

డౌవె పుట్టినరోజు వచ్చింది. చుట్టాలూ మండలి సభ్యులూ ఆనవాయితీగా కుర్చీలు గుండ్రంగా వేసుకుని, పట్టపగలు దీపం వెలుతురులో కేకు తిన్నారు. పుట్టినరోజుకి ఇంట్లోవాళ్లని కూడా అభినందించడం అక్కడి మర్యాద. "అభినందనలు ఆఫ్కె," అని ఒక్కొక్కరే ఆవిడ చెయ్యి పట్టుకుని, వదలకుండా, కళ్లు తుడుచుకున్నారు. డౌవె వైపు ఎవరూ చూడలేదు.

చివరికి అతడు ప్లేటు కింద పెట్టి లేచాడు.

"చచ్చింది నాచు! నేను కాదు! ఎవత్తీ లేదు! తొట్టి కిటికీలో పెట్టొద్దని ఆఫ్కె మొదటే మొత్తుకుంది, నేనే వినలేదు. తప్పు నాది. చాలా?"

హార్మెన్ ఫోర్కు కింద పెట్టాడు. "తప్పు డౌవెదే అని అందరికీ సమ్మతమేనా?"

మండలి చరిత్రలో మొదటిసారి అన్ని చేతులూ లేచాయి.

ఆఫ్కె అప్పటికే మెట్ల కిందనుంచి కుర్చీ లాక్కొస్తోంది.

"ముందు తొట్టి జరపండి," అంది. "నాచుకేమైనా అభ్యంతరాలుంటే కాఫీ అయ్యాక వింటాను."