రిచీ వీధి శిరస్త్రాణ సమరం

తమిళుల ఆషాఢమైన ఆడిమాసపు తగ్గింపుల భేరీనాదము చెన్నపట్టణమును దద్దరిల్లజేయుచుండగా, చార్జర్ల తోరణములతో, కేబుళ్ల లతావితానములతో, స్కూటర్ హారన్ల శంఖారావములతో విరాజిల్లు రిచీ వీధి ముఖద్వారమున, ఒక శనివారపు మధ్యాహ్నమున, ఒక మహావీరుడు ఆటో దిగెను. సైదాపేట నీటిసరఫరా కార్యాలయమున సకల ఫిర్యాదులను చిరునవ్వుతో తిప్పికొట్టిన ధీరుడాతడు, స్థూలకాచ ఉపనేత్రధారి, పేరు తిరునావుక్కరసు. వెనుకనే, జడలో మూరెడు మల్లెలతో, చేత గొడుగుతో ధర్మపత్ని కయల్విళి.

ఈ దండయాత్రకు కారణము వినుడు. వేసవిలో, మదురైలో, బావమరిది ఇళంగో కూతురికి చెవులు కుట్టించిరి. భోజనానంతరము ఇళంగో తన మాయాదర్శన శిరస్త్రాణమును, అనగా కండ్లకు తగిలించుకొన్నంతనే లేని లోకమును ఉన్నట్టు చూపు వీఆర్ హెడ్‌సెట్‌ను, బావ తలకెక్కించి, తాను వేరొకటి తొడిగి, అందలి టేబుల్ టెన్నిస్ ఆటలో బంధుజనసమక్షమున ఒక్క పాయింటైనను దక్కనీయక చిత్తుచేసెను. అంతటితో ఊరకుండెనా?

“బంతి కనబడట్లేదా బావా? లేకపోతే దానికి కూడా అర్జీ పెట్టుకుని రమ్మన్నావా?” అనెను.

మౌనవ్రతధారిణియైన పెద్దత్త సైతము నవ్వెను. ఆ నవ్వు వాడిశరమై ఎదలో నాటుకొనగా, నాటినుండి తిరునావుక్కరసు మదురై ఫోనెత్తలేదు. పుట్టింటికీ మెట్టింటికీ నడుమ కయల్విళి అడకత్తెరలో పోకచెక్కవలె నలిగెను. స్వంత శిరస్త్రాణము కొని, సాధనచేసి, శత్రువును జయించిన పిమ్మటనే సంధి అని ఆతని ప్రతిజ్ఞ.

దుకాణదారుడు షాహుల్ హమీద్ గాజుబల్లపై రెండింటిని నిలిపెను. ఒకటి పాతది: కృష్ణవర్ణము, గజభారము, సాగెడు పట్టీ. రెండవది నవీనము: హంసధవళము, లఘుశరీరము, వెనుక గట్టి వలయము.

“కొత్తది తీసుకోండన్నా. బొమ్మ కడిగిన ముత్యంలా ఉంటది.”

“మరి పాతదెందుకు అమ్ముతున్నావు?” అని కయల్విళి అడిగెను.

“అమ్ముడుపోకక్కా.”

వీరుడు నవీనమును ధరించెను. ఆహా! బల్ల మెరసెను, వల కంపించెను, బంతి పూర్ణచంద్రుడై కండ్లయెదుట వెలిగెను. విజయలక్ష్మి చేతికందినదని ఉప్పొంగి, శిరస్త్రాణమును పెరికినంతనే అనర్థము వాటిల్లెను. ఇరుకైన ఆ గహ్వరమున ఉపనేత్రములు చిక్కుకొని లోననే నిలిచిపోగా, చూపు కోల్పోయిన ఆ పురుషసింహము రెండు చేతులు చాచి, “కయల్! కయల్!” అని ఒక భుజమును గట్టిగా పట్టుకొనెను.

“నేను షాహుల్‌నన్నా. అక్క అటుపక్క ఉంది.”

కయల్విళి కళ్ళజోడును పెకలించి భర్త ముక్కున నిలిపెను. “దీనికి మీ పవరుతో లోపలి అద్దాలు వేరే చేయించుకోవాలన్నా,” అని షాహుల్ నసిగెను.

ఇక పాతది. దానియందు ఉపనేత్రములు అత్తవారింట అల్లునివలె హాయిగా అమరెను. కాని నాసిక నలిగెను. దృశ్యము ఇడ్లీపాత్ర ఆవిరిచాటున చూచినట్లుండెను. మసకలో దూసుకువచ్చిన బంతిని చెండాడబోయి వీరుడు విసరిన భుజదండము తగిలి, ఖాళీ అట్టపెట్టెల గోపురము కూలి షాహుల్‌ను ముంచెత్తెను.

అంతట తిరునావుక్కరసు గాజుబల్లను పిడికిట గ్రుద్ది ఎలుగెత్తెను: “ఓ శిరస్త్రాణద్వయమా! నవీనమును వరించినచో నా కన్నులకు చోటులేదు. పురాతనమును వరించినచో నా బావమరిది నోటికి అదుపులేదు! అంధుడనై గెలుతునా, అపహాస్యుడనై పోరాడుదునా?”

“మెల్లగా అనండి. ఎదురుకొట్టాయన షట్టర్ దించేస్తున్నాడు,” అనెను కయల్విళి. “ఇటివ్వండి, నేనూ చూస్తాను.”

నవీనము యొక్క వలయము జడపై కూర్చుండక మల్లెలను నలిపెను. “అబ్బే,” అని తీసివేసెను. పాతదాని పట్టీ జడకు ఇరువైపులా ఒదిగెను. ఆమె చేయి విసరెను. మరల విసరెను. పిదప పకపక నవ్వెను.

“ఏమండీ! బంతి తగిలినట్టే ఉందండీ చేతికి!”

“నీకీ ఆట ఎప్పుడు వచ్చింది?”

“ఇప్పుడే. ఆ రోజు మీరంతా ఆడుకుంటుంటే నేను విస్తళ్ళెత్తుతున్నాను. నా తలకి తగిలిద్దామని ఎవరికైనా తోచిందా?”

ఫిర్యాదులను తిప్పికొట్టుటలో అప్రతిహతుడైన ఆ ధీరుడు ఈ ఒక్క ఫిర్యాదును మాత్రము స్వీకరించెను. తల వంచెను.

“పాతదే తీసుకుందాం,” అనెను ఆమె. “మీ కళ్ళజోడు పడుతుంది, నా జడా పడుతుంది. మసగ్గా ఉంటే ఉండనీండి, మా తమ్ముణ్ణి చూడ్డానికి ఆ మాత్రం చాలు.”

“వాడు నవ్వుతాడే.”

“నవ్వనీండి. వాడి నవ్వు విని ఎన్నాళ్ళయిందో.”

తిరునావుక్కరసు క్షణకాలము నవీనము వంక, చిరకాలము భార్య వంక చూచి, నల్లని పెట్టెను చంకనిడుకొనెను.

నాటి సాయంకాలమే, సాధనకైనను ఆగక, మదురైకి యుద్ధాహ్వానము పంపెను.

ఆవలినుండి ఇళంగో కంఠము పలికెను: “బావా? నువ్వేనా? బాగున్నావా?” పిదప, ఆహ్వానమునందలి శిరస్త్రాణపు పేరు చదివి, “పాతదా కొన్నావు!”

“నోరు మూసుకుని సర్వీస్ చెయ్యరా!”

ఘోరముగా ఓడెను. ఓడుచునే యుండెను. ఓటమి పరిపూర్ణము కానున్న వేళ, ఎచటికో కొట్టిన బంతి ఎచటికో పోయి, ఇళంగో వైపు బల్ల అంచును ఈగ వాలినంత మృదువుగా తాకి జారిపోయెను.

“అంచు తగిలింది! అదృష్టం బావా, ఒట్టి అదృష్టం!”

“పాయింటా, కాదా?”

“పాయింటేలే, పాయింటే!” అని ఇళంగో పడిపడి నవ్వెను. ఈ తడవ బావ కూడ నవ్వెను.

“ఇక దిగండి, నా వంతు,” అని కయల్విళి కొంగు బిగించెను.

సర్వజనులారా, ఆలకింపుడు! సైదాపేటాధీశుడు, మసకబారిన మాయాలోకమున, నలిగిన నాసికతో, మదురై మహాసైన్యమును ఎదిరించి, గురి తప్పిన ఒకే ఒక దెబ్బతో, ఒకే ఒక పాయింటును జయించెను!