ఫస్టు గేరులో తబస్సుం

మర్నాడు నందిగామలో జిల్లా జట్టుకి మూడువేల మీటర్ల పరుగు ఎంపికలు. ఆ ముందురోజు కూతురు తబస్సుంని ఎలా పరిగెత్తించాలో ఖాజావలి తెల్లారకముందే తేల్చేసుకున్నాడు. కోచ్ సూసన్ మేడమ్ మాత్రం, "రేపు పోటీ పెట్టుకుని ఇవాళ ఒళ్లు హూనం చేసుకోకు. కబుర్లు చెబుతూ పరిగెత్తేంత నిదానం చాలు" అని తబస్సుంకి పొద్దున్నే ఫోన్లో చెప్పింది.

"కబుర్లకి కప్పులిస్తే మీ అమ్మ ఈపాటికి ఒలింపిక్స్‌లో ఉండేది" అన్నాడు ఖాజావలి. వంటింట్లో భార్య గౌసియాబీ గిన్నె ఠంగుమని పెట్టిన చప్పుడు విని, మిగతాది మింగేసి షేర్ ఆటో బయటికి తీశాడు. కూతురు ముందు, తను వెనక. నెమ్మదిస్తే హారను. అదీ పథకం.

అయితే ఏళ్ల తరబడి చందర్లపాడు రోడ్డులో ఆటో తోలిన మనిషి, ఎవరైనా చెయ్యెత్తితే ఆపకుండా పోలేడు. కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. మొదటి మలుపులో కమలాంబ ఎక్కింది, పొలం గట్టు కేసులో నందిగామ కోర్టు వాయిదాకి. రెండో మలుపులో కృపారావు, ఒళ్లో రెండు కోళ్లతో.

"ఏమయ్యా, బండి నడుస్తోందా, నానుతోందా?" అంది కమలాంబ.

"ముందు మా అమ్మాయండి. ట్రైనింగు."

"దాటిపోవచ్చుగా?"

"దాటితే ట్రైనింగెట్లా అవుద్దండి?"

దాంతో ట్రైనింగు బాధ్యత కమలాంబే తీసుకుంది. ఆటోలోంచి సగం బయటికొచ్చి, "అమ్మాయ్, పదింటికి నా వాయిదా! కాళ్లు కదుపు తల్లీ!" అని కేక. కృపారావు వంత. కోళ్లు కూడా.

తబస్సుం వెనక్కి తిరిగి, "కేసు ఎందాకా వచ్చిందండీ?" అని అడిగింది. మేడమ్ మాట్లాడమంది కదా. సరిహద్దు రాయి దగ్గర్నుంచి తోడికోడలి నోరు దాకా అంతా విని, రెండు సలహాలు కూడా ఇచ్చింది. వేగం మాత్రం పెంచలేదు.

ఫస్టు గేరులో అంతసేపు మూలిగిన ఇంజను పొగ కక్కి ఆగిపోయింది.

"మా వకీలు కోర్టులో ఫోనెత్తడు. నేనొస్తున్నానని ఎవరు చెప్తారు? వాయిదా పోతే గట్టు పోద్ది!" అని కమలాంబ గుండెలు బాదుకుంది.

"నేను చెప్తా. పరుగంటే ఏంటో నువ్వూ చూడవే" అని కూతురితో చెప్పి, ఖాజావలి ప్యాంటు ఎగలాక్కుని దూసుకుపోయాడు. నిజం చెప్పొద్దూ, అద్భుతంగా పరిగెత్తాడు, కల్వర్టు దాకా. అక్కడ డొక్క పట్టుకుని కూలబడ్డాడు.

తబస్సుం నిదానంగా వచ్చి, "నాన్నా, ఏదన్నా మాట్లాడు" అంది.

ఖాజావలి నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

"సరే, వకీలుకి నేనే చెప్తాలే" అని అదే నిదానంతో కోర్టుకి పోయింది. కమలాంబ పాల వ్యాను పట్టుకుని చేరేదాకా వకీలు జడ్జిగారిని అడిగి కేసు ఆపించాడు.

మర్నాడు పోటీలో తబస్సుం ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. అందరికంటే ముందొచ్చింది. సూసన్ మేడమ్ ఖాజావలిని కూడా ఫొటోకి స్టేజీ మీదికి రమ్మంది. మధ్యలో ఉన్నవి నాలుగే మెట్లు. ఖాజావలి మొదటి మెట్టు మీద పిక్కలు పట్టుకుని ఆగిపోయాడు.

"హారను కొట్టమంటారా?" అంది వెనక నుంచి గౌసియాబీ.